స్ట్రాబెర్రీ మళ్ల ప్లాస్టిక్ పట్టాతో జాకెట్: తూర్పు బెర్లిన్ పద్ధతి

తూర్పు జర్మనీలో ఏ బట్టలు కుట్టి అమ్మాలో ప్రభుత్వ ప్రణాళికే తేల్చేది. 1956లో మొదలైన ‘జిబిలె’ ఫ్యాషన్ పత్రికలో కనిపించే దుస్తులు చాలామటుకు అంగట్లో దొరికేవి కావు. కటింగ్ నమూనాలు దగ్గర పెట్టుకుని ఆడవాళ్లు ఇంట్లోనే కుట్టుకునేవాళ్లు. దుప్పట్లకూ పసిపిల్లల లంగోటా గుడ్డలకూ రంగు వేసి దుస్తులుగా మలుచుకునేవాళ్లు. 1980ల్లో తూర్పు బెర్లిన్‌లోని ‘షిక్, షార్మాంట్ ఉంట్ డావర్‌హాఫ్ట్’ బృందం స్ట్రాబెర్రీ మళ్లలో వాడే ప్లాస్టిక్ పట్టాతోనూ, స్నానాల గది తెరలతోనూ దుస్తులు చేసింది. పంక్ (తిరుగుబాటు ధోరణి రాక్ సంగీతం) వేషంలో తిరిగే కుర్రకారును రహస్య పోలీసులు వేటాడిన రోజులవి. అలాంటప్పుడు ఎవరికీ లేని చొక్కా తొడుక్కుని వీధిలోకి రావడం చిన్న తెగింపు కాదు.

మన మిరప, పుచ్చ తోటల్లో పరిచే మల్చింగ్ షీట్‌దీ అదే జాతి. కానీ 25–30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రకం కుట్టు దగ్గరే చిరిగిపోతుంది. కనీసం 100 మైక్రాన్ల మందం ఉన్న పట్టా తీసుకోండి.

ఛాతీ 90 సెం.మీ. ఉన్నవారికి 120 సెం.మీ. వెడల్పు, 130 సెం.మీ. పొడవు ముక్క చాలు. ప్లాస్టిక్ బట్టలా సాగి తిరిగి రాదు, గాలి ఆడనివ్వదు కాబట్టి 30 సెం.మీ. వదులు తప్పనిసరి. ముక్కను అడ్డంగా సగానికి మడవండి. మడత భుజాల మీదికి వస్తుంది. మధ్య గీతకు రెండు వైపులా చెరో 31.5 సెం.మీ. ఒంటికి, మిగిలింది చేతులకు. చేతి లోతు మడత నుంచి 26.5 సెం.మీ. ఇందులోనే 1.5 సెం.మీ. కుట్టు మార్జిన్ ఉంది. మెడ 18 సెం.మీ. వెడల్పు, లోతు ముందు 8, వెనక 2. ముందు భాగాన్ని మధ్యలో నిలువునా చీల్చండి. చంకను మూలగా కోయకండి, గుండ్రంగా తిప్పండి. చిరుగు మొదలయ్యేది ఆ మూలలోనే.

ఇక చేతుల కిందా పక్కలా కుట్టాలి. గుండుసూది గుచ్చితే రంధ్రం పూడదు, అందుకే బట్టల క్లిప్పులు పెట్టండి. కుట్టు పొడవు 4 మి.మీ. ఉండాలి. చిన్న కుట్లు వేస్తే వరసగా పడ్డ రంధ్రాల వెంట పట్టా తపాలా బిళ్లలా తెగిపోతుంది. రివర్స్ కుట్టు కూడా వద్దు, దారం కొసలు చేత్తో ముడివేయండి. పట్టా మిషన్ పాదానికి అంటుకుని జరగకపోతే కిందా పైనా బటర్ పేపర్ పట్టీ పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి. ఇస్త్రీ జోలికి పోకండి. మార్జిన్‌ను గోటితో నొక్కితే సరిపోతుంది.

అంచులకు పోగులు ఊడవు గానీ, కత్తెర ఆగిన చోట గాటు పడితే అక్కడి నుంచి చీలుతుంది. ఏటవాలుగా కోసిన నూలు క్రాస్ పట్టీతో పైపింగ్ వేస్తే ఆ బెడద ఉండదు, మెడ దగ్గర ఒరుసుకోదు కూడా. లోపల నూలు బనియన్ లేకుండా తొడగకండి, చెమటకు ఒంటికి అతుక్కుంటుంది. పొయ్యి, దీపం దరిదాపుల్లోకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లొద్దు: ఇది కరిగి చర్మానికి అంటుకుంటుంది.

తడిగుడ్డతో తుడిచి హ్యాంగర్‌కు తగిలించండి. మడిచి పెడితే మడత గీతలు పడి అలాగే ఉండిపోతాయి.