పాప్‌కార్న్ మిషన్ కొనేముందు పళ్లెం నడుమ చూడండి

తిరుపతి కొర్లగుంటలో మిక్సీలు, గ్రైండర్లు, ఇండక్షన్ పొయ్యిలు బాగుచేసే అంగడి నాది. ఈమధ్య వాటితోపాటు పాప్‌కార్న్ మిషన్లు కూడా బల్ల మీదికి వస్తున్నాయి. "కొత్తది కొనాలన్నా, ఏ కంపెనీ మంచిది?" అని అడిగేవాళ్లూ ఎక్కువయ్యారు. నేను కంపెనీ పేరు చెప్పను. ఎక్కడ చూడాలో చెప్తాను.

నెలకోసారి చేసుకునే ఇంటికి అసలు మిషనే అక్కర్లేదు. అడుగు మందంగా ఉన్న గిన్నె, దానికి సరిపడే మూత ఉంటే చాలు. బడి నుంచి రాగానే పిల్లలు అడిగే ఇల్లయితే, పొయ్యి దగ్గర నిలబడి గిన్నె ఊపే ఓపిక లేకపోతే, అప్పుడు కొనండి.

గాలితో పేల్చేవి, నూనెతో పేల్చేవి అని రెండు రకాలున్నాయి. గాలి మిషన్‌కు జిడ్డు బాధ లేదు. కానీ అందులో చేసినదాని మీద ఉప్పు చల్లితే సగం గిన్నె అడుక్కే పోతుంది. మన వైపు పప్పులపొడో కరివేపాకు పొడో పడందే నోటికి రుచించదు కదా. పొడి అంటుకోవాలంటే కాస్త నూనె ఉండాల్సిందే. నూనె వాటిలో మళ్లీ సినిమాహాల్లో కనిపించే రకం ఒకటి ఉంటుంది, గాజుపెట్టెలో గిన్నె వేలాడుతూ. చూడ్డానికి బ్రహ్మాండం, గాజుకు పట్టిన జిడ్డు తుడిచేవాళ్లెవరో ముందే తేల్చుకోండి. ఇంటికి సరిపోయేది వెడల్పు పళ్లెం మీద కడ్డీ తిరిగే రకం. దాని పెద్ద మూతను తిరగేస్తే అదే గిన్నె.

ఆ కడ్డీ ఎందుకో తెలిస్తే ఏది కొనాలో సగం తెలిసినట్టే. పాప్‌కార్న్ గింజలో సుమారు 14 శాతం తేమ ఉంటుంది. పొట్టు గట్టిది కాబట్టి ఆ తేమ ఆవిరైనా బయటికి రాలేదు. వేడి 180 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి లోపలి ఒత్తిడికి పొట్టు పగిలి, గింజ తిరగబడినట్టు విచ్చుకుంటుంది. వేడి నిదానంగా ఎక్కితే ఆవిరి మొన దగ్గర నుంచి కొద్దికొద్దిగా కారిపోయి, గింజ పేలకుండా మిగులుతుంది. ఒకచోటే పడి ఉంటే పేలేలోపే మాడుతుంది. అన్ని గింజలకూ వేడి సమానంగా, త్వరగా తగలాలి. అందుకే కడ్డీ తిరగడం.

ఇప్పుడు పళ్లెం నడుమకు రండి. కడ్డీని తిప్పే ఇరుసు అక్కడి రంధ్రంలోంచి పైకి వస్తుంది. కింద చిన్న గేర్ మోటారు ఉంటుంది. రిపేరుకు వచ్చిన మిషన్ల అడుగు విప్పితే ఎక్కువగా కనిపించేది ఒకటే: నూనె ఆ ఇరుసు వెంట దిగి, వేడికి ముదిరి, గోధుమరంగు బంకలా మోటారు మెడకు చుట్టుకుని ఉంటుంది. కడ్డీ ముందు నెమ్మదిస్తుంది, తర్వాత టకటకమని వెనక్కీ ముందుకీ కొట్టుకుంటుంది, చివరికి ఆగిపోతుంది. కాబట్టి అంగట్లో మూత తీయించి చూడండి. ఇరుసు చుట్టూ పళ్లెం నుంచి ఒక గట్టు పైకి లేచి ఉండాలి. రంధ్రం పళ్లెంతో సమానంగా ఉంటే, ధర ఎంత తక్కువైనా వద్దు.

అక్కడే ఉండగా కడ్డీని చేత్తో లాగి చూడండి. స్క్రూడ్రైవర్ లేకుండా ఊడి రావాలి, లేకపోతే దాని కింద పేరుకున్న జిడ్డు ఎప్పటికీ పోదు. కడ్డీకీ పళ్లేనికీ మధ్య సందు గింజ దూరనంత తక్కువ ఉండాలి. కొన్ని గింజలు వెంట తీసుకెళ్లి పళ్లెంలో వేసి, కడ్డీని మెల్లగా తిప్పండి. గింజల్ని నెట్టుకుంటూ పోతే మంచిది, వాటి మీదికి ఎక్కిపోతే వదిలేయండి. అంగడాయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

తర్వాత మిషన్ తిరగేసి కింద రాసింది చదవండి. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉండాలి. ఇక్కడ చాలా ఇళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు, వచ్చేటప్పుడు పెట్టెలో ఒక మిషన్ పెట్టుకొస్తారు. ఒకావిడ అలాంటిదే తెచ్చి, "అల్లుడు తెచ్చినాడు నాయనా, ప్లగ్గు పెట్టగానే టప్పుమనింది" అన్నారు. అది 120 వోల్టుల సరుకు. 800 వాట్ల కాయిల్‌కు 230 వోల్టులు ఇస్తే దాదాపు 2,900 వాట్లు లాగుతుంది. వేడి మితిమీరితే కరెంటు తెంచే థర్మల్ ఫ్యూజు ఒక్కటే పోతే అదృష్టం. దానికి తగిన, వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనే డబ్బుతో ఇక్కడే కొత్త మిషన్ చూసుకోవచ్చు. బరువు సంగతి సరేసరి.

వాట్లు 800 నుంచి 1,000 మధ్య ఉన్నది తీసుకోండి. ఎండాకాలం సాయంత్రం వీధంతా ఏసీలు వేసినప్పుడు వోల్టేజీ పడిపోయే ఇళ్లకైతే 1,000 వైపే మొగ్గుతాను. వోల్టేజీ 190కి దిగితే 800 వాట్ల కాయిల్ 550 వాట్ల పనే చేస్తుంది. వేడి నిదానమవుతుంది, అడుగున పేలని గింజలు మిగులుతాయి, జనం మిషన్‌ను తిట్టుకుంటారు. కరెంటు బిల్లు గురించి మాత్రం టెన్షన్ పడకండి. 1,000 వాట్ల మిషన్ ఐదేసి నిమిషాలు పన్నెండుసార్లు వాడితే ఒక యూనిట్. మామూలు 6 ఆంపియర్ల సాకెట్ సరిపోతుంది, అది వదులుగా లేకపోతే. చిన్న ఇన్వర్టర్ మీద వేయొద్దు.

పళ్లెం లోహంది, నూనె చేతులతో ముట్టుకునేది. కాబట్టి ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే ఉండాలి. రెండు పిన్నులది ఇచ్చి "ఏం కాదు సార్" అంటే నమ్మొద్దు. ఐఎస్ఐ గుర్తు చూడండి. ఆన్, ఆఫ్ స్విచ్ ఉంటే మేలు. కొన్నింటికి అదీ ఉండదు, ప్లగ్గు పెడితే మొదలు, తీస్తే ఆపడం.

మూత నెత్తిన రంధ్రాలు ఉండాలి. ఆవిరి పోయే దారి లేకపోతే పాప్‌కార్న్ మెత్తబడి, నమిలితే సాగుతుంది. తిరగేయడానికి రెండు వైపులా పిడులు, అవి వేడెక్కనివి.

నూనె విషయంలో చాలామందికి నా మాట నచ్చదు. గానుగ చెనిక్కాయ నూనె కూరలకు ఎంత మంచిదైనా ఇందులో త్వరగా పొగ వస్తుంది, ఇల్లంతా వాసన. రిఫైన్డ్ చెనిక్కాయ నూనె గానీ పొద్దుతిరుగుడు నూనె గానీ పోయండి. నెయ్యి కూడా వేడిని తట్టుకుంటుంది, వెన్న మాత్రం మాడుతుంది. అరకప్పు గింజలకు రెండు పెద్ద చెంచాల నూనె చాలు. పేలే చప్పుళ్ల మధ్య రెండుమూడు సెకన్ల ఎడం రాగానే ఆపి, ప్లగ్గు తీసి, ఆ తర్వాతే తిరగేయండి. ఉప్పు, కారం, పొడులు గిన్నెలోకి వచ్చాకే. ఉప్పును మిక్సీలో మెత్తగా పట్టుకుంటే బాగా అంటుకుంటుంది. చక్కెర పళ్లెంలో వేశారంటే పళ్లెం మీది అంటుకోని పూత సంగతి మర్చిపోండి.

గింజలు కొనేటప్పుడు పాప్‌కార్న్‌వే అడగండి, మామూలు మొక్కజొన్న ఇలా విచ్చుకోదు. విడిగా సంచిలో నెలల తరబడి ఉన్నవి ఎండిపోయి ఉంటాయి. అలాంటి అర కిలో గింజలు డబ్బాలో పోసి, ఒక పెద్ద చెంచా నీళ్లు చల్లి, మూత బిగించి, అప్పుడప్పుడూ కుదుపుతూ రెండుమూడు రోజులు ఉంచితే చాలావరకు దారికి వస్తాయి.

పళ్లెం గోరువెచ్చగా ఉండగానే తడి గుడ్డతో తుడవండి. స్టీలు పీచు వద్దు. కుళాయి కింద అసలే పెట్టొద్దు, నీళ్లు దిగేది కూడా ఆ ఇరుసు దారినే. కొనేముందు కడ్డీ, మోటారు విడిగా దొరుకుతాయా అని అడిగి, దొరుకుతాయంటే ఎక్కడో బిల్లు వెనక రాయించుకోండి.