పీహెచ్‌పీ ఎర్రర్ చూపిన లైన్లో తప్పు కనబడకపోతే

లైన్ 2లో తప్పుందని వెబ్ పేజీలకు వాడే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ చెబుతుంది. ఆ లైన్‌ని పదిసార్లు చదువుతారు, అక్కడ ఏ తప్పూ కనబడదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా విసిగిపోయేది ఇక్కడే. పీహెచ్‌పీ చూపేది తప్పు జరిగిన చోటు కాదు, ఇక ముందుకు చదవలేక తాను ఆగిపోయిన చోటు. అందుకే వెతుకులాట ఆ లైన్ నుంచి పైకి సాగాలి.

"సింటాక్స్ ఎర్రర్, అన్‌ఎక్స్‌పెక్టెడ్ వేరియబుల్" అంటోంది

ఈ మూడు లైన్లు చూడండి:

$ధర = 250
$పన్ను = 45;
$మొత్తం = $ధర + $పన్ను;

మొదటి లైన్ చివర సెమికోలన్ లేదు. ఎర్రర్ మాత్రం రెండో లైన్ మీద వస్తుంది. పీహెచ్‌పీకి కొత్త లైన్ అంటే ఖాళీ జాగాతో సమానం, వాక్యం ముగిసిందని చెప్పేది సెమికోలనే. 250 తర్వాత ఏ ప్లస్సో, సెమికోలనో వస్తుందని చూస్తుంటే ఇంకో వేరియబుల్ ఎదురైంది. సెమికోలన్ పెడితే సరిపోతుంది.

ముగింపు ట్యాగ్ ?> ముందు మాత్రం సెమికోలన్ లేకపోయినా నడుస్తుంది. హెచ్‌టీఎంఎల్ మధ్యలో ఒక్క వాక్యం రాసి వదిలేసినప్పుడు తెలియదు. తర్వాత దాని పక్కనే రెండో వాక్యం చేర్చగానే నిన్నటిదాకా నడిచిన పేజీ ఆగిపోతుంది. అక్కడ కూడా సెమికోలన్ పెట్టే అలవాటు చేసుకోండి.

ఎర్రర్ ఫైల్ చివరి లైన్లో ఉందంటే ఎక్కడో ఒక ఫ్లవర్ బ్రాకెట్ మూయలేదు. పీహెచ్‌పీ 8 చాలా సందర్భాల్లో ఏ లైన్లో తెరిచినది మూయలేదో కూడా చెబుతుంది. పాత వెర్షన్లు ఫైల్ అయిపోయిందని మాత్రమే అంటాయి. కోట్స్ మూయడం మరిచిపోతే తప్పు దొరకడం ఇంకా కష్టం. తర్వాతి కోట్ దొరికేదాకా మధ్యలో ఉన్న కోడంతా స్ట్రింగ్‌గా మారిపోతుంది. ఎడిటర్లో రంగు గమనించండి. ఎక్కడి నుంచి కోడంతా స్ట్రింగ్ రంగులోకి మారిందో తప్పు అక్కడే ఉంది.

పేజీ తెల్లగా వస్తోంది, ఎర్రర్ కూడా లేదు

సర్వర్లో తప్పులను తెర మీద చూపించే డిస్‌ప్లే ఎర్రర్స్ సెట్టింగ్ ఆఫ్‌లో ఉంది. జనం వాడే సైట్‌లో అది అలాగే ఉండాలి, దాన్ని ఆన్ చేయకుండా ఎర్రర్ లాగ్ తెరిచి చూడండి. మీ సొంత కంప్యూటర్లో అయితే సెట్టింగ్‌ని పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ ఫైల్లో మార్చండి. కోడ్ మొదట్లో ఆ సెట్టింగ్ మార్చే ఐఎన్ఐ సెట్ ఫంక్షన్ రాసినా సింటాక్స్ తప్పులకు ఉపయోగం ఉండదు. ఫైల్ మొత్తం చదవడం పూర్తయితేనే మొదటి లైన్ నడుస్తుంది. తప్పుంటే ఆ లైన్ దాకా రానే రాదు. టెర్మినల్లో పీహెచ్‌పీ కమాండ్‌కి హైఫన్ ఎల్ చేర్చి ఫైల్ పేరిస్తే, కోడ్‌ని నడపకుండా సింటాక్స్ మాత్రమే సరిచూస్తుంది. సర్వర్‌కి ఎక్కించే ముందు ప్రతిసారీ ఇది చేయండి.

కోడే బ్రౌజర్లో కనబడుతోంది

ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరిచి ఉంటారు, లోకల్‌హోస్ట్ (మీ కంప్యూటర్లోనే నడిచే సర్వర్ చిరునామా) ద్వారా తెరవండి. లేదా ఫైల్ పేరు చివర హెచ్‌టీఎంఎల్ అని ఉండవచ్చు. అప్పుడు తెర మీద ఏమీ కనబడకపోయినా, వ్యూ సోర్స్‌లో కోడంతా ఉంటుంది. తెరిచే ట్యాగ్‌ని పొట్టిగా <? అని రాసినా, ఆ సౌకర్యం ఆపేసిన సర్వర్లో ఇదే జరుగుతుంది. పూర్తి ట్యాగే రాయండి. బయటి సైట్‌లో ఇలా జరిగితే డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా అందరికీ కనబడినట్టే, వెంటనే మార్చేయండి.

అంతా సరిగ్గానే ఉంది, అయినా పనిచేయదు

తెలుగు టైప్ చేసేవాళ్లకు తరచుగా ఎదురయ్యే చిక్కు ఇది. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

పైన నేను రాసిన $ధర, $మొత్తం పీహెచ్‌పీలో నిజంగా చెల్లే పేర్లే. విలువ 128 నుంచి 255 దాకా ఉన్న ఏ బైట్ అయినా పేర్లలో ఉండవచ్చన్నది దాని నియమం. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరాల బైట్లన్నీ ఆ పరిధిలోకే వస్తాయి. అయితే వంకర కోట్స్, కాపీ చేసినప్పుడు వచ్చే విరగని ఖాళీ, పొల్లు తర్వాత కీబోర్డ్ చేర్చే కనబడని జడ్‌డబ్ల్యూఎన్‌జే కూడా ఆ పరిధిలోనివే. పీహెచ్‌పీ వాటన్నిటినీ పేరులో భాగంగా తీసుకుంటుంది.

వర్డ్ నుంచో వాట్సాప్ నుంచో కాపీ చేసిన “నమస్కారం” చుట్టూ వంకర కోట్స్ ఉంటే, "అన్‌డిఫైన్డ్ కాన్‌స్టంట్" అని వస్తుంది. అది స్ట్రింగ్ అని పీహెచ్‌పీకి తెలియదు, మొత్తం కలిపి ఒక పేరు అనుకుంది. ఎడిటర్లో నిటారు కోట్స్ మళ్లీ టైప్ చేయండి.

$ఫోన్ అని ఒకచోట, మళ్లీ $ఫోన్ అని ఇంకోచోట రాసినా "అన్‌డిఫైన్డ్ వేరియబుల్" వచ్చిందంటే, ఒకదాని చివర ఆ కనబడని అక్షరం ఉందేమో అనుమానించండి. నేను ఒక సాయంత్రమంతా దీంతోనే గడిపాను. కళ్లకు రెండూ ఒకటే, పీహెచ్‌పీకి రెండు వేర్వేరు పేర్లు. విజువల్ స్టూడియో కోడ్ లాంటి ఎడిటర్లు ఇలాంటి అక్షరాల చుట్టూ చాలావరకు గడి గీసి చూపిస్తాయి. అది కుదరకపోతే ఆ లైన్ చెరిపి మళ్లీ చేత్తో టైప్ చేయండి. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, చూపించే పాఠం తెలుగులో ఉంచడం మేలని నా అభిప్రాయం. ఇంగ్లిష్ పేర్లలో క్యాపిటల్, స్మాల్ తేడా ఉంటే అవి వేర్వేరు వేరియబుల్స్ అవుతాయి, ఫంక్షన్ పేర్లకు మాత్రం ఆ పట్టింపు లేదు.

అంకెలదీ ఇదే కథ. ౫ అని రాస్తే అది అయిదు కాదు, ఒక పేరు. 1,00,000 అని కామాలతో రాస్తే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది, పీహెచ్‌పీ 7.4 నుంచి 1_00_000 అని రాయవచ్చు. ముందు సున్నా పెడితే ఎనిమిది ఆధారపు లెక్క అవుతుంది. 010 అంటే 8, ఇక 08 అయితే పీహెచ్‌పీ 7 నుంచి ఎర్రరే. సున్నాతో మొదలయ్యే కోడ్ నంబర్లను కోట్స్‌లో ఉంచండి.

"హెడర్స్ ఆల్రెడీ సెంట్"

హెడర్స్ అంటే పేజీ కంటే ముందు బ్రౌజర్‌కి వెళ్లాల్సిన సమాచారం. సెషన్ మొదలుపెట్టకముందే, లేదా వేరే పేజీకి పంపకముందే ఏదో ఒకటి బ్రౌజర్‌కి వెళ్లిపోయింది. ఎక్కడి నుంచి వెళ్లిందో ఆ మెసేజ్‌లోనే ఫైల్ పేరు, లైన్ నంబర్ ఉంటాయి, ముందు అది చదవండి. లైన్ 1 అని ఉంటే తెరిచే ట్యాగ్ ముందు ఖాళీ ఉండవచ్చు, లేదా ఫైల్‌ని బీఓఎమ్‌తో సేవ్ చేసి ఉండవచ్చు. ఫైల్ మొదట్లో చేరే ఆ 3 బైట్లు కంటికి కనబడవు. బీఓఎమ్ లేని యూటీఎఫ్-8గా మళ్లీ సేవ్ చేయండి. చివరి లైన్ అని ఉంటే ?> తర్వాత ఖాళీ లైన్లు ఉన్నాయి. పీహెచ్‌పీ మాత్రమే ఉన్న ఫైల్లో ఆ ముగింపు ట్యాగ్ తీసేయండి. ఔట్‌పుట్‌ని వెంటనే పంపకుండా ఆపి ఉంచే ఔట్‌పుట్ బఫరింగ్ వల్ల ఇంట్లో బయటపడని ఈ ఎర్రర్, అది లేని సర్వర్లో బయటపడుతుంది.

ఎర్రర్ లేదు, ఫలితం తప్పు

ఇఫ్ లోపల $వయసు = 18 అని రాస్తే అది పోలిక కాదు, 18ని అందులో పెట్టడం. షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది, ఎవరు వచ్చినా లోపలికి వెళ్లిపోతారు. పోల్చడానికి === వాడండి. రెండు ఈక్వల్స్ (==) విలువల రకం చూడదు. 0 == "రాము" అన్నది పీహెచ్‌పీ 7లో నిజం, 2020 నవంబరులో వచ్చిన 8.0 నుంచి అబద్ధం. ఎస్‌టీఆర్‌పాస్‌తో "తెలుగు"లో "తె" వెతికితే స్థానం 0 వస్తుంది. దాన్ని నేరుగా ఇఫ్‌లో పెడితే దొరకలేదనే అర్థమవుతుంది. ఫాల్స్‌తో !== పెట్టి పోల్చాలి.

పొడవు కొలిచేటప్పుడూ జాగ్రత్త. "తెలుగు"కి ఎస్‌టీఆర్‌లెన్ 18 అంటుంది, అది బైట్ల లెక్క. ఎంబీతో మొదలయ్యే ఫంక్షన్ 6 అంటుంది, గుణింతపు గుర్తులను విడిగా లెక్కేస్తుంది. మనం చదివే 3 అక్షరాలు కావాలంటే ఇంటల్ ఎక్స్‌టెన్షన్‌లోని గ్రాఫీమ్ ఫంక్షన్ వాడాలి. శీర్షికను సబ్‌స్టర్‌తో కత్తిరించినప్పుడు చివర నల్లటి ప్రశ్నార్థకం వస్తోందంటే, కత్తెర అక్షరం మధ్యలో పడింది. అక్కడా గ్రాఫీమ్ సబ్‌స్టర్ పెట్టండి.