కొర్రమీను ప్రాణంతో ఇంటికి చేరాలంటే

బెజవాడ మార్కెట్లో బతికున్న కొర్రమీను కొంటే బకెట్ నిండా నీళ్లు పోయించకండి. మొప్పలతో పాటు తలలో ఉండే అరతో పైగాలి పీల్చే చేప ఇది. పైకొచ్చి నోరు తెరవడానికి చోటు లేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. వీపు మునిగితే చాలు, పైన జానెడు ఖాళీ వదలండి. ఒక్క ఎగురుతో బయటపడుతుంది కాబట్టి బకెట్ మూతికి తడి గోనెపట్టా గట్టిగా కట్టండి, గాలీ ఆడుతుంది. గుర్రపుడెక్క పట్టిన గుంటల్లో, కదలని బురదనీళ్లలో ఇది బతికేదీ ఈ పైగాలి వల్లే. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అమ్మేవాళ్ల తొట్టి నీళ్లే మేలు. బొచ్చె, శీలవతి మాత్రం ఈ కాసిని నీళ్లలో ఇంటిదాకా ఆగవు. వాటిని అక్కడే కోయించుకోండి.