గేమింగ్ మౌస్ రివర్స్ ఇంజనీరింగ్: పని ఆగిపోయే చోట్లు, బయటపడే దారులు

గేమింగ్ మౌస్ లోపల ఉండే భాగాలు తక్కువే: ఒక మైక్రోకంట్రోలర్ (మౌస్‌ను నడిపే చిన్న కంప్యూటర్ చిప్), ఒక ఆప్టికల్ సెన్సర్, బటన్ల కింద మైక్రోస్విచ్‌లు, చక్రం తిరుగుడును సిగ్నళ్లుగా మార్చే ఎన్‌కోడర్, వైర్‌లెస్ అయితే రేడియో, బ్యాటరీ. అయినా రివర్స్ ఇంజనీరింగ్, అంటే మౌస్‌ను విప్పి అది ఎలా పనిచేస్తుందో తెలుసుకునే పని, మధ్యలో ఆగిపోతుంటుంది. బాగా నడుస్తున్న మౌస్‌లో చిప్‌లు ఏం మాట్లాడుకుంటున్నాయో వినకుండానే మనం వాటితో మాట్లాడబోతాం, అందుకే. కాబట్టి ముందు వినేటప్పుడు వచ్చే చిక్కులు చూద్దాం. ఉదాహరణకు పిక్స్‌ఆర్ట్ పీఎండబ్ల్యూ 3360 సెన్సర్‌ను తీసుకుంటున్నాను. వైర్‌లెస్ మౌస్ అయితే అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ పీకేసి, అప్పుడు సోల్డరింగ్ ఐరన్ పట్టుకోండి.

సమస్య: క్లాక్ కనిపిస్తోంది, డీకోడ్ చేస్తే చెత్త వస్తోంది

సెన్సర్‌కీ కంట్రోలర్‌కీ మధ్య ఎస్‌పీఐ (చిప్‌లు డేటా మార్చుకునే పద్ధతి) లైన్లు నాలుగు: క్లాక్, వెళ్లే డేటా, వచ్చే డేటా, చిప్ సెలెక్ట్. నా మొదటి అనుమానం ఎప్పుడూ గ్రౌండ్ మీదే. లాజిక్ ఎనలైజర్ (లైన్ల మీది సిగ్నళ్లను రికార్డు చేసే పరికరం) గ్రౌండ్ వైరు పొడవైతే క్లాక్ అంచుల దగ్గర లేని పల్సులు పుట్టుకొస్తాయి. సెన్సర్ పక్కనున్న కెపాసిటర్ గ్రౌండ్ వైపున పొట్టి వైరు సోల్డర్ చేసి మళ్లీ చూడండి. అప్పటికీ మారకపోతే శాంపిలింగ్ వేగం చూడాలి. ఈ సెన్సర్ క్లాక్ 2 మెగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది. 24 మెగాహెర్ట్జ్ ఎనలైజర్ హాయిగా సరిపోతుంది, 4 దగ్గర పెడితే బిట్లు జారిపోతాయి. చివరగా మోడ్. ఇది మోడ్ 3: ఖాళీగా ఉన్నప్పుడు క్లాక్ పైనే ఉంటుంది, పైకి లేచే అంచు దగ్గర బిట్ చదవాలి. రికార్డును బైట్లుగా మార్చే డీకోడర్‌లో మోడ్ 1 గానీ 2 గానీ ఉంటే బిట్ మారే క్షణంలోనే చదువుతుంది, ఏదీ నమ్మలేం.

రికార్డింగ్‌ను యూఎస్‌బీ ప్లగ్ పెట్టకముందే మొదలుపెట్టండి, అసలు విషయమంతా మొదట్లోనే ఉంటుంది. కంట్రోలర్ పంపే మొదటి బైట్‌లో పై బిట్ 1 అయితే రాయడం, 0 అయితే చదవడం. సున్నా చిరునామా చదివితే సెన్సర్ తన ఐడీగా హెక్స్ (16 ఆధారంగా రాసే సంఖ్య) 42 ఇస్తుంది. ఆ తర్వాత చిప్ సెలెక్ట్ కిందే ఉండిపోయి, బైట్ వెనక బైట్ చాలాసేపు సాగే ఒక పొడవాటి వరుస వస్తుంది. సెన్సర్‌లోకి ఎక్కే 4094 బైట్ల ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) అదే. దాన్ని జాగ్రత్తగా ఫైల్‌లో దాచుకోండి, కింద అవసరమవుతుంది. అది ముగిశాక హెక్స్ 50 చిరునామాకు చదివే ఆదేశాలు ఆగకుండా వస్తుంటాయి. మౌస్‌ను కుడికి నెట్టి చూడండి, జవాబులో మూడో, నాలుగో బైట్లు ఎక్స్ కదలిక.

సమస్య: మన సొంత మైక్రోకంట్రోలర్ బోర్డుతో చదివితే అన్నీ సున్నాలు, లేదా అన్నీ ఎఫ్‌లు

సెన్సర్ పోయిందని కంగారు పడకండి. పాత కంట్రోలర్ ఇంకా అదే లైన్లను నడుపుతూ ఉండి ఉంటుంది. ఒకే ఎద్దుకు ఇద్దరు ముకుతాడు లాగితే అది ఎటూ నడవదు. కంట్రోలర్ రీసెట్ పిన్నును గ్రౌండ్‌కు కలిపి పట్టుకుంటే మామూలుగా దాని పిన్నులు లైన్లను వదిలేస్తాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని బోర్డుల్లో సెన్సర్‌కు కరెంటు ఇచ్చే రెగ్యులేటర్‌ను ఆన్ చేసేది కంట్రోలరే. రీసెట్‌లో పెట్టగానే సెన్సర్ కూడా ఆరిపోతుంది, మళ్లీ సున్నాలే. అందుకే కంట్రోలర్ రీసెట్‌లో ఉండగానే సెన్సర్ సరఫరా కొలవండి, 1.9 వోల్టుల దగ్గర ఉండాలి. లేకపోతే బయటి నుంచి అంతే వోల్టేజీ ఇవ్వండి. 5 వోల్టుల బోర్డును మాత్రం ఎప్పుడూ నేరుగా తగిలించకండి, మధ్యలో సిగ్నల్ వోల్టేజీని మార్చే లెవెల్ షిఫ్టర్ తప్పనిసరి.

ఐడీ ఒకసారి సరిగ్గా, ఒకసారి తప్పుగా వస్తుంటే తొందర ఎక్కువైందన్నమాట. చిరునామా పంపాక 160 మైక్రోసెకన్లు ఆగి డేటా చదవండి.

సమస్య: ఐడీ సరిగ్గానే ఉంది, ట్రాకింగ్ సరిగ్గా లేదు

సెన్సర్ ఫర్మ్‌వేర్ కరెంటు పోగానే చెరిగిపోతుంది, ఆన్ చేసిన ప్రతిసారీ ఎక్కించాలి. ఎస్‌రోమ్ (ఆ ఫర్మ్‌వేర్ పేరు) ఐడీ రిజిస్టర్ చదివితే సున్నా వచ్చిందంటే ఎక్కలేదు. ఇందాక దాచుకున్న 4094 బైట్లను అదే క్రమంలో, బైట్‌కూ బైట్‌కూ మధ్య 15 మైక్రోసెకన్లు వదిలి పంపండి.

సమస్య: డీబగ్ పిన్నుల దగ్గర చిప్ పలకడం లేదు, లేదా మెమరీ చదవనివ్వడం లేదు

పలకకపోవడం వేరు, చదవనివ్వకపోవడం వేరు. ఫర్మ్‌వేర్ లేవగానే ఎస్‌డబ్ల్యూడీ (డీబగ్) పిన్నులను వేరే పనికి వాడుకుంటుంటే చిప్ పలకదు. రీసెట్ నొక్కి ఉంచి కనెక్ట్ అయ్యే పద్ధతి ఎంచుకుని, డీబగ్ క్లాక్ తగ్గించండి.

చదవనివ్వకపోతే మాత్రం అక్కడే చేతులు ఆపండి. అది లాక్. ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్లలో రీడౌట్ ప్రొటెక్షన్ (మెమరీ చదవనివ్వని రక్షణ) లెవెల్ 1 నుంచి 0కి దించితే ఫ్లాష్ మొత్తం చెరిగిపోతుంది. నార్డిక్ ఎన్ఆర్ఎఫ్52లో లాక్ తీసే ఆదేశం కూడా అన్నీ చెరిపేశాకే తలుపు తెరుస్తుంది. టూల్‌లో కనిపించే అన్‌లాక్ బటన్ నొక్కితే చదవడానికి ఇంకేమీ మిగలదు, మౌస్ కూడా పనిచేయదు. ఎస్‌టీఎం32లో లెవెల్ 2 ఉంటే డీబగ్ దారి మూసేసినట్టే. నా మాట వింటే సొంత ఫర్మ్‌వేర్ సిద్ధంగా ఉంటే తప్ప ఆ బటన్ జోలికి పోకండి. ఎస్‌పీఐ రికార్డు, యూఎస్‌బీలో వచ్చే హెచ్ఐడీ రిపోర్ట్ డిస్క్రిప్టర్ (మౌస్ పంపే డేటా రూపాన్ని కంప్యూటర్‌కు చెప్పే వివరణ) రెండూ చేతిలో ఉంటే లాక్ జోలికి పోకుండానే చాలా దూరం వెళ్లొచ్చు.

సమస్య: స్విచ్ మార్చాక క్లిక్ ఇరుక్కుపోతోంది

మైక్రోస్విచ్‌కు కాళ్లు మూడు. కొన్ని బోర్డులు రెండే చదువుతాయి, కొన్ని మూడూ. మూడూ చదివే బోర్డులో ఒక కాలు సరిగ్గా అతకకపోతే క్లిక్ ఎప్పుడు ముగిసిందో కంట్రోలర్‌కు తెలియదు. మల్టీమీటర్ బీప్‌లో పెట్టండి: నొక్కగానే కామన్‌కూ ఒక కాలికీ మధ్య బీప్ ఆగాలి, రెండో కాలితో మొదలవ్వాలి. ఈ కొలత స్విచ్ కాళ్ల దగ్గర కాకుండా బోర్డు ట్రేస్‌ల మీదే చేయండి.

సమస్య: చక్రం ముందుకు తిప్పితే అప్పుడప్పుడు వెనక్కి దూకుతోంది

ఎన్‌కోడర్ రెండు ఫేజుల్లో (సిగ్నల్ లైన్లలో) ఒకటి తడబడుతోంది. ఎనలైజర్ రెండు ఛానెళ్లలో చూస్తే ఏదో తెలిసిపోతుంది. కాంటాక్ట్ క్లీనర్‌తో లొంగకపోతే, ఇరుసు ఎత్తు సరిపోయే ఎన్‌కోడర్ వేయండి.

సమస్య: కేబుల్ తిరిగి కలిపాక కంప్యూటర్ గుర్తించడం లేదు

ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, తెలుపు డీ మైనస్, ఆకుపచ్చ డీ ప్లస్ అనేది మామూలు లెక్క. మౌస్ కేబుళ్లు దాన్ని పాటిస్తాయన్న గ్యారంటీ లేదు. ప్లగ్ పిన్ను నుంచి బోర్డు దాకా బీప్ పెట్టి చూసుకున్నాకే సోల్డర్ చేయండి.

సమస్య: అన్నీ బిగించాక కర్సర్ వణుకుతోంది, లేదా కదలనే కదలదు

సెన్సర్ కింది లెన్స్ సరిగ్గా కూర్చోలేదు. లెన్స్ ఆధార తలం నుంచి ప్యాడ్‌కు 2.4 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. బోర్డు స్క్రూ ఒకటి వదులైనా, లెన్స్ కింద నూలు పోగు ఇరుక్కున్నా ఆ దూరం చెడుతుంది. లెన్స్ తీసి, పొడిగుడ్డతో తుడిచి, దాని కొక్కేలు గాడుల్లోకి పూర్తిగా దిగేలా నొక్కి, బోర్డు స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి.