గుడి జ్యామితి గ్రాస్‌హాపర్‌లో – 4వ పాఠం: చీలిన మొనలు

గ్రాస్‌హాపర్ అంటే రైనో 3D సాఫ్ట్‌వేర్‌లో కాంపొనెంట్లనే చిన్న పెట్టెలను కలిపి ఆకారాలు రాబట్టే పరికరం. గత పాఠంలో అందులో గీయడానికి కర్ణాటకలోని సోమనాథపురం చెన్నకేశవాలయపు విమానాన్ని (గర్భగుడి, దానిపై శిఖరం ఉన్న భాగాన్ని) అభ్యాసంగా ఇచ్చాను. ఒక చతురస్రాన్ని దాని కేంద్రం మీదే 22.5 డిగ్రీల చొప్పున తిప్పుతూ మొత్తం నాలుగు గీస్తే 16 మొనల నక్షత్రం రావాలి. మీరు పంపిన పటాల్లో ఎక్కువ భాగం 12 మొనల దగ్గరే ఆగిపోయాయి. వాటిలోనూ నాలుగు మొనలు రెండుగా చీలినట్టున్నాయి. అందువల్ల అధిష్ఠానం (గుడి పీఠం) వరసలను వాయిదా వేసి, ఈ చీలిక సంగతి తేల్చుకుందాం.

ఆకారాన్ని తిప్పే రొటేట్ కాంపొనెంటు కోణాన్ని రేడియన్లలో తీసుకుంటుంది. మీరిచ్చిన 22.5ను రేడియన్లుగా చదివితే అది దాదాపు 1289 డిగ్రీలు. చతురస్రం ప్రతి 90 డిగ్రీలకూ మళ్ళీ మొదటి స్థితికే వస్తుంది కనుక, పూర్తి 90లన్నీ తీసేస్తే మిగిలేది సుమారు 29.16. రెండో చతురస్రం అక్కడ, మూడోది 58.31 దగ్గర నిలుస్తాయి, నాలుగోది 87.47కు చేరి, మొదటిదానికి రెండున్నర డిగ్రీల తేడాతో దాదాపు దాని మీదే పడుతుంది. చీలిక అక్కడిదే. కాంపొనెంటు ఎరుపెక్కదు, హెచ్చరిక రాదు, బొమ్మ కూడా అందంగానే ఉంటుంది. ఈ పొరపాటు నన్ను ఇంతగా కలవరపెట్టేది అందుకే. ఇన్‌పుట్ మీద కుడి క్లిక్ చేసి డిగ్రీలు ఎంచుకోవచ్చు గానీ, డిగ్రీలను రేడియన్లుగా మార్చే రేడియన్స్ కాంపొనెంటును విడిగా పెట్టి, మార్పిడి జరిగిన చోటు కంటికి కనబడేలా ఉంచడమే నా పద్ధతి.

రీజియన్ యూనియన్‌తో చతురస్రాలన్నీ కలిసి ఒకే బయటి గీత అయ్యాక సరిచూసేటప్పుడు మొనలను కొలిచి ప్రయోజనం లేదు. అవి చతురస్రపు మూలలే కాబట్టి తప్పు పటంలోనూ 90 డిగ్రీలే ఉంటాయి. మొనకూ మొనకూ మధ్య లోపలికి వెళ్ళిన మూలలను బయటివైపు నుంచి కొలవండి: 16 చోట్లా 112.5 రావాలి. మీ పాత పటంలో అవి ఒకచోట 119 దాటి, మరోచోట 93కు లోపే ఉంటాయి.

గదగ్ జిల్లా డంబళలోని దొడ్డబసప్ప గుడికి 24 మొనలు. అంటే ఆరు చతురస్రాలు, 15 డిగ్రీలు, లోమూల 105.

అభ్యాసం: చతురస్రాల సంఖ్య ఒక్కటే స్లైడరుగా ఉంచి రెండు గుళ్ళనూ ఒకే నిర్వచనం (కాంపొనెంట్ల అమరిక) నుంచి రాబట్టండి. తర్వాత నక్షత్రపు గీతను లోపలికి ఆఫ్‌సెట్ చేస్తే (ప్రతి అంచునూ సమాన దూరం జరిపితే) వచ్చేదీ, కేంద్రం నుంచి స్కేల్ చేసి కుదిస్తే వచ్చేదీ ఒకే ఆకారమని నిరూపించండి. చివరగా మూడు దిక్కులా తిరగని భద్రాన్ని (గోడ మధ్యలో ముందుకు పొడుచుకొచ్చే భాగాన్ని) ముందుకు చేర్చి, ఆ రెండూ ఇప్పుడు ఎందుకు వేరయ్యాయో కేంద్రం నుంచి ప్రతి అంచుకున్న దూరం ఆధారంగా రాసి పంపండి.