జీపీఎస్ బిందువులను రోడ్డుకు జతచేయడం – 3వ పాఠం: దగ్గరి రోడ్డు, నడిచిన రోడ్డు

గత పాఠంలో అందరూ ఉచితంగా వాడుకోగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటం నుంచి విశాఖపట్నం రోడ్ల సమాచారాన్ని దించుకుని, ప్రతి జీపీఎస్ బిందువు నుంచి చుట్టుపక్కల రోడ్లకు ఉన్న దూరాన్ని లెక్కకట్టడం నేర్చుకున్నాం. ఆ దూరాలు చేతికి రాగానే, అన్నిటికంటే దగ్గరి రోడ్డు మీదే వాహనం ఉందని తేల్చేయాలనిపిస్తుంది. ఆర్కే బీచ్ ఎదుట బిందువు సముద్రంలో పడినా ఆ వైపు మరో రోడ్డు లేదు కాబట్టి ఈ పద్ధతి సరిపోతుంది. జాతీయ రహదారి 16 పక్కన సర్వీస్ రోడ్డు సాగే చోట మాత్రం ఇది నిలవదు.

గాజువాక వైపు రహదారి మీద వెళ్తున్న ఒక బస్సును తీసుకుందాం. దాని తాజా బిందువు సర్వీస్ రోడ్డుకు 5 మీటర్లు, రహదారికి 10 మీటర్ల దూరంలో పడిందనుకోండి. జీపీఎస్ దోషపు ప్రామాణిక విచలనం (బిందువు అసలు చోటు నుంచి మామూలుగా ఎంత పక్కకు జరుగుతుందనే కొలత) 5 మీటర్లయితే, దూరం పెరిగేకొద్దీ తగ్గే సంభావ్యతా విలువనిచ్చే గాసియన్ సూత్రం, e^(−½(దూరం/విచలనం)²), సర్వీస్ రోడ్డుకు 0.607, రహదారికి 0.135 ఇస్తుంది. ఇక్కడే ఆగితే బస్సును తప్పు రోడ్డు ఎక్కిస్తాం.

ఇప్పుడు వెనకటి బిందువును చూడండి. అది రహదారి మీదే ఉంది; రెండు బిందువుల మధ్య నేరు దూరం 80 మీటర్లు. రహదారి వెంబడి వస్తే 82 మీటర్లు, సర్వీస్ రోడ్డులోకి దిగే సందు దాకా వెళ్లి తిరిగి రావాలంటే 180 మీటర్లు. నేరు దూరానికి, దారి దూరానికి తేడా పెరిగేకొద్దీ ఆ దారి నమ్మదగినది కాదన్నదే 2009లో పాల్ న్యూసన్, జాన్ క్రమ్ ప్రతిపాదించిన హిడెన్ మార్కోవ్ నమూనాలోని (కనిపించే బిందువుల నుంచి కనిపించని అసలు దారిని అంచనా వేసే పద్ధతిలోని) కీలకం. ఆ తేడాను మనం ఎంచుకున్న 20 మీటర్లతో భాగించి ఘాతీయ సూత్రంలో, అంటే e^(−తేడా/20)లో, వేస్తే రహదారికి 0.905, సర్వీస్ రోడ్డుకు 0.0067 వస్తాయి. రెండేసి విలువలను గుణిస్తే రహదారికి 0.122, సర్వీస్ రోడ్డుకు 0.0041, అంటే దూరంగా ఉన్న రహదారే దాదాపు 30 రెట్లు బలమైనది.

ఆశీల్‌మెట్ట దగ్గర తెలుగుతల్లి ఫ్లైఓవర్ ఇంకా కఠినమైన పరీక్ష. పైదారి, కిందిదారి పటంలో దాదాపు ఒకే గీత మీద ఉంటాయి. అక్షాంశ రేఖాంశాలు మాత్రమే చేతిలో ఉంటే ఆ క్షణంలో ఏది నిజమో చెప్పడం ఎవరి తరమూ కాదు. వాహనం అవతల ఎక్కడ తేలిందో చూశాకే వెనక్కి వెళ్లి నిర్ణయించాలి. అందుకే ప్రతి బిందువు దగ్గరా తీర్పు చెప్పకుండా, అన్ని అవకాశాలనూ మోసుకెళ్లి చివర ఉత్తమమైన మార్గాన్ని ఎంచే విటర్బి అల్గారిథాన్ని వాడతాం. ప్రత్యక్ష ప్రసారంలో బస్సు జాడ చూపేవారు కొన్ని బిందువుల ఆలస్యాన్ని భరించక తప్పదని నా అభిప్రాయం. తొందరపడి చూపిన తప్పు జాడ ప్రయాణికుడికి మరింత నష్టం.

ప్రోగ్రాం రాసేటప్పుడు ఈ విలువలను నేరుగా గుణించకండి. వందల బిందువులు దాటితే లబ్ధం సున్నాకు కుంగిపోతుంది; వాటి లాగరిథమ్‌లను కూడండి.

అభ్యాసంగా విచలనాన్ని 15 మీటర్లుగా మార్చి మొదటి లెక్కను మళ్లీ చేయండి. 0.946, 0.801 వస్తే మీ సూత్రం సరిగా ఉన్నట్టే. విటర్బి పట్టికను వచ్చే పాఠంలో వరుసవరుసగా నింపుదాం.