లైట్‌హౌస్ బొమ్మకు యాక్రిలిక్ రంగులు తీసే ముందు

భీమిలి తీరంలోని తెల్లని లైట్‌హౌస్‌ను యాక్రిలిక్‌లో చిత్రించదలచినవారు కుంచె తడిపే ముందు వీటిని సరిచూసుకోవాలి.

• ఆకాశానికి కావలసిన నీలం, తెలుపు రంగులను ముందే సరిపడా కలిపి ఉంచుకోండి. సముద్రపు గాలికి యాక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది. సగం ఆరిన పొరమీద మళ్లీ కుంచె ఆడిస్తే రంగు లేచిపోయి మచ్చలు పడతాయి. అలా జరిగితే కెలకకుండా పూర్తిగా ఆరనిచ్చి, పైన మరో పొర వేయడమే మేలు.

• వెలుగు ఏ వైపునుంచి పడుతుందో ముందే నిర్ణయించుకోండి. మన తూర్పు తీరంలో ఉదయపు ఎండ సముద్రం మీదుగా వస్తుంది, సాయంత్రానికి సముద్రం వైపు గోడ నీడలోకి వెళ్తుంది. ఆ నీడకు ఉత్త తెలుపు పనికిరాదు. అందులో కొద్దిగా నీలం, చిటికెడు మట్టిరంగు కలిపితేనే గోడకు నిండుదనం వస్తుంది.

• లైట్‌హౌస్ అంచులు తిన్నగా రావడానికి మాస్కింగ్ టేపు (రంగు అంటకుండా అడ్డుగా వేసి, తర్వాత తీసేసే టేపు) అంటించే ముందు ఆకాశం బాగా ఆరిందో లేదో చూడండి, లేకుంటే టేపుతోపాటు రంగూ ఊడివస్తుంది. టేపు అంచున అదే ఆకాశపు రంగును పలుచగా పూస్తే, తర్వాత వేసే తెలుపు టేపు కిందికి పాకదు.

• ఆకాశాన్ని తాకే సముద్రపు అంచును స్కేలుతో గీయండి. అది ఒరిగితే కట్టడమూ ఒరిగినట్టే కనిపిస్తుంది.

• యాక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది కనుక రంగును చిన్న ముక్కమీద ఆరబెట్టి చూసుకోండి.

• వాడిన కుంచెను వెంటనే కడగండి, రంగు ఎండితే ఆ కుంచె మళ్లీ పనికిరాదు.